పంతొమ్మిదో భాగం

లారీ కాటా ఎక్కి దిగే లోపల
నాలుగు నిమిషాలు దొరుకుతాయి.
నాలుగు నిమిషాలకి రెండు పేజీలు.
ఈ లెక్కనే చదివాను పద్దెనిమిది భాగాలూ,
గుంటూరు మిర్చి యార్డు పక్కన వేబ్రిడ్జి గదిలో,
ముక్కుకి తువ్వాలు కట్టుకుని.

మొదటిది కొన్ననాటికి నాకు మీసం సరిగ్గా రాలేదు.
'నీలకక్ష్య' అని పేరు.
అట్ట మీద ఓడ, ఓడ వెనక పగిలిన గ్రహం.
నాలుగో భాగంలో భూమి పోయింది.
తొమ్మిదో భాగంలో ఇంజినీరు కేదారి
తలుపుకి అవతలి నుంచి గడియ పెట్టుకుని
ఇవతలి వాళ్లని బతికించాడు.
ఆ రోజు మూడు లారీల తూకం తప్పు రాశాను.
కమిషన్ కొట్టు పేరయ్య గారు "ఎవరన్నా పోయారా" అంటే
అవునన్నాను.
ఎవరని అడక్కుండా మంచినీళ్లిచ్చాడు.

పంతొమ్మిదోది మొన్న వచ్చింది.
అరండల్‌పేట కొట్టువాడు నాకోసం తీసి దాచాడు.
అట్ట మీద గ్రహం లేదు.
లడ్డూ ఉంది.
గాల్లో తేలుతున్న లడ్డూ,
దాని వెనక చెయ్యి చాపి మా కెప్టెన్ ఇరావతి.

ఇదేందిరా అనుకున్నాను.

కథంతా ఓడలో ఒక పెళ్లి.
నలుగురు సూర్యులున్న చోట ముహూర్తం తేలక
పురోహిత యంత్రం వేడెక్కి మూడుసార్లు ఆగింది.
పెళ్లికొడుకుని పీటకేసి తాడుతో కట్టారు.
మూడో ముడి పడేసరికి పెళ్లికూతురు పైకప్పుకి చేరింది.
ఆ తర్వాత యాభై పేజీలు లడ్డూల వేట.
యుద్ధం లేదు. ఎవరూ పోలేదు.
శత్రుసేనాని కూడా వచ్చి
నూట పదహార్లు చదివించి
ముద్దపప్పు మారు అడిగాడు.

మస్తాన్‌వలీకి నచ్చలేదు.
రాత్రి డ్యూటీ వాడిది, పుస్తకంలో సగం డబ్బు వాడిది.
పగలు నేను, రాత్రి వాడు.
ఒక్క రాత్రిలో మొత్తం నమిలేసి
పొద్దున్నే నా చేతిలో పడేశాడు:
"రచయిత ముసలోడయ్యాడు భాయ్. కారం చచ్చింది."
మా యార్డులో అది చిన్న తిట్టు కాదు.
సగమే చదివి నేనూ తలూపాను.

నూట నలభై ఏడో పేజీలో అక్షింతలు చల్లారు.
పడలేదు అవి.
పడటానికి అక్కడ కింద అనేది ఉంటేగా.
పెళ్లయి మూడు నెలలైనా
గింజకో గదిలో తిరుగుతూనే ఉన్నాయి.
చుక్కాని దగ్గర కునుకు తీస్తున్న ఇరావతి నుదుటికి ఒకటి తగిలింది.
వంటవాడి చెవిలో ఒకటి దూరింది.
పదకొండో నంబరు తలుపు దగ్గర
ఒక పసుపు గింజ
కాసేపు ఆగింది.

అంతే రాశాడు.
ఆ తలుపు ఎవరిదో చెప్పలేదు,
వెంటనే లడ్డూల మీదికి పోయాడు.
కొత్తగా చదివేవాడికి అది ఉత్త తలుపు.

నాకు నవ్వొచ్చింది, తుమ్మొచ్చింది,
రెండూ కాని ఇంకోటేదో వచ్చింది.
కిటికీ ఎండలో తేజ రకం ఘాటు
ఎర్రటి నలుసులై ఆడుతోంది,
అదీ ఎప్పటికీ కింద పడేట్టు లేదు.

పెన్సిల్‌తో అంచున రాశాను:
"మస్తానూ, ఈ పేజీ మళ్లీ చదువు. నంబరు చూడు."

మర్నాడు పొద్దున
దాని కిందే రశీదుల ఎర్ర పెన్నుతో,
కారం వేలిముద్రతో సహా:
"చూశా.
ఖాళీ బండి తూకం కూడా వెయ్యాలిగా భాయ్,
లేకపోతే ఇన్నాళ్లూ ఎంత మోశామో ఎట్టా తెలిసిద్ది."

అదే చదువుతూ కూర్చున్నాను.
బయట హారన్ మీద హారన్.
కిటికీలోంచి డ్రైవర్ తల పెట్టి
"ఎంతొచ్చింది సారూ?" అన్నాడు.

"నూట నలభై ఏడు" అన్నాను.

"ఏందీ, టిక్కీలా, క్వింటాళ్లా?"